పొత్తు తెంపితే చెప్పాలా?

ఆదివారం మధ్యాహ్నం. కలకత్తా న్యూ టౌన్‌లో బ్యాంకు ఆఫీసర్ రఘురాం గారి ఫ్లాటు. టీపాయ్ మీద సముద్రం, రేవులు, చిన్న చిన్న ఓడలున్న ఆట అట్ట. చుట్టూ ఆయన, కూతురు చిన్మయి, ఆమె ఆఫీసులో పనిచేసే మురళీమోహన్.

"ఒక్క నిమిషం చిన్మయీ. అది నా రేవు."

"నీదే. తీసుకున్నాను. నీ జెండా తీసెయ్, మురళీ."

"మనిద్దరం పొత్తు కదా? పొత్తులో ఉన్నోళ్ళు ఎలగ కొడతారు?"

"పొత్తు అయిపోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. కొట్టే ముందు."

"నాతో చెప్పలేదు కదా."

"చెప్పాలని ఎక్కడుంది? నాన్నా, ఆ రూల్సు పుస్తకం ఇటివ్వండి. ఇదిగో, పొత్తుల పేజీ. ఎవరైనా ఎప్పుడైనా పొత్తు మానుకోవచ్చు అని ఉంది. అంతే. చెప్పి మానుకోవాలా, చెప్పకుండానా, ఏమీ రాయలేదు."

"రాయలేదంటే చెప్పక్కర్లేదనా ఏటి?"

"ఏటి కాదు బాబూ, ఏమిటి. మూడు తరాల నుంచి కలకత్తాలో ఉన్నామంటావు, యాస మాత్రం నిన్న బండి దిగినట్టుంది."

"మా పాడా, అదే మా పేట, అంతా ఇలగే మాట్లాడుతుందంకుల్. ఏక్‌బాల్‌పూర్‌లో మన తెలుగోళ్ళ వీధి ఒకటి ఉంది, అక్కడ..."

"సరే సరే. ఆట చూడు. వచ్చిన దగ్గర్నుంచీ నీ వంతు వస్తే చాలు, మా అమ్మాయి మొహం చూస్తున్నావు. ఎత్తు అక్కడ రాసుందా?"

"సారీ అంకుల్."

"మళ్ళీ సారీ. ఆటలో సారీ చెప్పేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మంట. ఇందాక నీ ఓడలో మిరియాల సరుకు నేను లాగేసుకున్నాను. అది తొండి. తెలుసా?"

"తెలుసంకుల్."

"తెలిసీ ఊరుకున్నావా?"

"పెద్దోరు కదా అని..."

"విన్నావా చిన్మయీ? పెద్దోరు కదా అనిట. ఇలాంటి వాడితో ఆడితే గెలిచామన్న సరదా కూడా మిగలదు."

"నోట్లో నాలుక లేని మనిషని ముందే చెప్పాను కదా నాన్నా."

"అదేటి చిన్మయీ? నువ్వే కదా, నాన్నగారితో వాదించకు, ఏమన్నా పడుండు అని..."

"ఆట సంగతి చూద్దాం మురళీ. నాన్నా, తీర్పు చెప్పండి. పుస్తకం తేల్చనిది పేచీలో లేనివాళ్ళు తేల్చాలి, మనింట్లో పద్ధతి అదే కదా. పేచీ మా ఇద్దరికీ. చెప్పాల్సింది మీరు."

"చెప్తాను, తొందరేం? ఇద్దరి మాటా విననీ. ముందు నువ్వు."

"నాది ఒక్కటే మాట. ఎప్పుడైనా అంటే ఎప్పుడైనానే. ముందు చెబితే అతను ఓడలన్నీ తెచ్చి రేవులో పెట్టేసుకుంటాడు. చెప్పి కొట్టేవాళ్ళు ఎవరైనా ఉంటారా?"

"నువ్వేమంటావు బాబూ?"

"నా ఓడలన్నీ ఆవిడ... చిన్మయి రేవుకి కాపలా పెట్టేనంకుల్. అందుకే నాది ఖాళీ అయిపోయింది. పొత్తు లేదని చెప్పుంటే వెనక్కి తెచ్చుకుందును. రాయకపోతే మాత్రం? అవతలోడు మనల్ని నమ్ముకుని కూర్చున్నాడని తెలిసినప్పుడు, ఒక్క మాట చెప్పాలి కదా."

"తన రేవు గాలికొదిలేసి పరాయి రేవుకి కాపలా కాశాడట. బుర్ర ఉన్నవాడు చేసే పనేనా అది?"

"తప్పేనంకుల్."

"తెలివితక్కువతనం వేరు, న్యాయం వేరు. అమ్మాయ్, ఓడ వెనక్కి పెట్టు. మానుకునే హక్కు నీకుంది. కానీ చెప్పి మానుకోవాలి. ఇదే నా తీర్పు."

"ఇదేం న్యాయం నాన్నా?"

"వెనక్కి పెట్టమన్నానా?"

"పెట్టాను. ఊఁ, నీ వంతు మురళీ."

"థాంక్సంకుల్. ఇంత న్యాయంగా చెప్పేరు కాబట్టి ఒక్క మాట అడుగుతాను."

"వద్దు మురళీ. ఇవాళ ఆ మాట ఎత్తొద్దన్నాను కదా."

"రెండేళ్ళ నుంచీ వద్దంటన్నావు. ఇవాళ అడగనీ. అంకుల్, మా అమ్మని ఒక్కసారి తీసుకొస్తాను, మాట్లాడండి. మా తాత ఓడల డాకులో మూటలు మోసేడు, నిజమే. నాన్న ఇప్పటికీ అక్కడే. కానీ నేను చదువుకున్నాను, మీ అమ్మాయి చేసే ఉద్యోగమే చేస్తన్నాను. మా ఇంట్లో సంబంధాలు తెస్తుంటే వద్దు, అంకుల్ మనసు మారుతుంది అని ఆపుతన్నాను. మీరేటి చెయ్యమంటే అది చేస్తాను."

"ఆగాగు. నా మనసు మారడమేమిటి? దేని గురించి?"

"మా పెళ్ళి గురించే. డాకోళ్ళ పిల్లడంటే మీరు చస్తే ఒప్పుకోరని..."

"ఎవరన్నారు?"

"చిన్మయే."

"మీ తాత ఏం చేశాడో నాకిప్పుడే తెలిసింది. నీ పేరు వినడమే ఇవాళ పొద్దున. ఏమిటిది చిన్మయీ?"

"టీ చల్లారిపోతోంది నాన్నా."

"చల్లారనీ. నేనెప్పుడు కాదన్నాను?"

"మీరనలేదు."

"మరి?"

"నేను వద్దంటే ఎందుకు, ఏమిటి అని ప్రాణం తీస్తాడు. మీరు వద్దన్నారంటే నాలుగు రోజులు ఏడ్చి మానుకుంటాడనుకున్నాను. మానుకోలేదు."

"అంటే... నేనంటే నీకే ఇష్టం లేదా చిన్మయీ?"

"మొదట్లో ఉండేది."

"నాతో ఒక్క మాట..."

"ఇప్పుడు చెప్పాను కదా."

"మరి ఇవాళ ఎందుకు రమ్మన్నావు? నాన్నగారికి ఆటంటే ప్రాణం, పక్కన కూర్చుని ఆడితే మెల్లగా మెత్తబడతారు అన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను."

"రెండు బస్సులు మారి వచ్చేను. ఆయన ఏమన్నా నవ్వుతూ పడ్డాను. మావగారు పరీక్ష పెడతన్నారనుకున్నాను."

"నాకు తెలీదు బాబూ. తెలిస్తే ఆ మాటలు అనేవాణ్ణి కాదు. అందరితోనూ ఆటలో అలాగే అంటాను, అదో పాడు అలవాటు. చిన్మయీ, ఇతనక్కర్లేనప్పుడు ఇంటిదాకా ఎందుకు పిలిచావమ్మా?"

"ఈ ఆట ఇద్దరితో కుదరదు కదా నాన్నా. ఇవాళ ఇంకెవరూ ఖాళీగా లేరు."