వడ్ల రాజనర్సు ఎత్తిన దర్వాజ

ఊకె గడియారం దిక్కు సూడకు విష్ణూ, కూసో. గా సురేందర్ సెక్కకు రంద పట్టుడు అయినంక తనే పిలుస్తడు. వడ్లాయనను తొందర వెడితె ఆయన సేతులు ఇంకింత నిమ్మళమైతయ్. నువ్వైతె ఈ కొత్తింటికి దుకాణంల తయారు దర్వాజ తెస్తనంటివి. నేనే పట్టువట్టి, ఇంటికొచ్చి సేసెటోన్ని కుదుర్సుకోమన్న. ఎందుకంటవా? బోధన్ దగ్గర మన ఊర్ల పాత ఇంటి దర్వాజ సేసిన రాజనర్సు యాదికొచ్చిండు. నువ్వు సూడలేదు. నువ్వు పుట్టకముందే పోయిండు పాపం.

సన్నగ, పొడుగ్గ ఉండేటోడు. ఒక సెవు మీద పెన్సిలు, ఇంకో సెవు మీద బీడి. మాటల పడ్డడంటె బీడితోని సెక్క మీద గీత గీసేటోడు, పెన్సిలు నోట్ల పెట్టుకొని అగ్గిపుల్ల గీకేటోడు. మేం ఆడోళ్లం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతుంటిమి. సాయ అయితె ఉడుకుడుకుగ పొయ్యి మీద ఉండాల్సిందే. సల్లారింది ఇస్తె, అక్కా, గిది సేతులు కడుక్కునేతందుకా అనేటోడు. అసలు ముచ్చట ఇడిసి యాడికో పోతున్న. ఆ, ఏందంటె, ఆయనను పనికి పిలిస్తె కూలి మాట ముందు తియ్యకపోయేది. మా టేకు మొద్దు సుట్టు తిరిగిండు, గోరుతోని గీకి వాసన సూసిండు, ఇగ మీ తాత దిక్కు తిరిగి అడిగిండు, "పటేలా, మీ ఇంటి ఆడబిడ్డది ఏ ఊరు?" అని. ఆడబిడ్డ వచ్చి కడపకు పసుపు రాస్తెనే ఆయన దర్వాజ ఎత్తేది. గది ఆయన పట్టు. మీ తాత మొకం ముడుసుకొని, కోటగిరి, వస్తది లే అన్నడు.

ఏడ వస్తది? మాటలు బందై ఎన్నో దినాలాయె. సంగతి ఎంత పెద్దదో ఇను. చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి తోలే దినాలల్ల మా ఆడబిడ్డ చంద్రవ్వ పెనిమిటి ఎడ్ల కోసం వచ్చిండు. మా చెరుకు తోలుడు అయినంక తీస్కపో బావా అన్నడు మీ తాత. ఉన్న మాటనే అన్నడు. గాని అల్లుడు ఉత్త సేతులతోని పోయిండాయె. ఇగ చంద్రవ్వ రాలే, ఈయన పోలే. ఆమె రావాలె అని ఈయన, ఈయన పిలువాలె అని ఆమె. అన్నం కాడ కూసొని మీ తాత, చంద్రి అయితె ఈ తొక్కు మెచ్చుతుండె అనేటోడు. పిలువరాదు మరి అంటె సెయ్యి కడుక్కొని లేసేటోడు. నాకు మస్తు కోపమొచ్చేది. ఇల్లు కడుతున్నం, ఆ పిల్ల లేకుంట కడప పెట్టుకొని నేను దాన్ని ఎట్ల దాటాలె, సెప్పు.

దర్వాజ ఎత్తే ముందటి దినం రాజనర్సు మొలలు అయిపోయినయని సైకిలెక్కి పోయిండు. పొద్దుమూకి వచ్చిండు, సంచిల ఒక్క మొల లేదు. నేను సూసిన గాని అడుగలే. తెల్లారి అందరు వచ్చిండ్రు. పంతులు కూసున్నడు, నేను పసుపు కలిపి పెట్టిన. రాజనర్సు దర్వాజకు గుండు దారం పట్టి సూసి, ఊహూ, కూసుంట లేదు పటేలా అన్నడు. సక్కగనే ఉన్నది గదనే అని మీ తాత అంటె మళ్ల రంద పట్టిండు. పంతులు గడియ దాటుతదని గునుసుతుండు. మీ తాతకు సెమటలు వడుతున్నయ్. ఆఖరికి రాజనర్సు ఉలి తీసి, తను బిగించిన కడప అతుకును తనే ఊడగొట్టిండు. మీ తాత ఇగ ఆగలే. నీకేం పుట్టిందిరో అని మీదికి పోయిండు. ఆయన నిమ్మళంగ, "నా అతుకుల ఏదో తక్కువున్నది పటేలా" అన్నడు.

గంతల్నే బండి ఆగింది. చంద్రవ్వ దిగింది. కాళ్లకు దుమ్ము, నెత్తి మీద సద్ది గంప. వాకిట్లనే నిలవడి, "అన్నా, నా సెయ్యి పడకుంట కడప పెట్టనన్నవట" అన్నది. కండ్ల నీళ్లు. మీ తాత ఆమె దిక్కు సూసిండు, రాజనర్సు దిక్కు సూసిండు. ఆయనేమో తల వంచుకొని పెన్సిలు ముట్టిస్తుండు. మీ తాత పసుపు గిన్నె తెచ్చి సెల్లె సేతికిచ్చిండు. ఆమె రాసింది, రాజనర్సు ఒక్క దెబ్బ కొట్టిండు, అతుకు పట్టింది. అన్నాల కాడ అసలు సంగతి బయటపడ్డది, రాజనర్సు మొలలకని పోయింది కోటగిరికేనట, మీ అన్న ముద్ద ముట్టుత లేడని కూడ సెప్పిండట ఆమెకు. ఇద్దరు ఒక్కటే నవ్వుడు. నాకు అంత సంబురం ఎన్నడు కాలే బిడ్డా. ఆ ఇంట్ల ఉన్నన్ని దినాలు ఆ కడప దాటినప్పుడల్ల నాకు పానం నిమ్మళమయ్యేది.

ఏమంటున్నవ్? నీ పెండ్లామే పసుపు రాస్తదా? రాయొచ్చు, ఎందుకు రాయొద్దు. గాని మీ అక్క సుకన్య ఫోన్ ఎత్తలేదని నువ్వు, నువ్వు మళ్ల సెయ్యలేదని ఆమె, గిదేనాయె మీ కొట్లాట. ఎడ్లు లేవు, చెరుకు లేదు.

సురేందర్ ఇంక ఎంత సేపు రంద పడుతడు అంటె నాకేం ఎరుక? సక్కగ కూసుంట లేదేమో. పొద్దుగాల నేను సాయ ఇచ్చిన, జరసేపు మాట్లాడిన, గంతే. కోప్పడకు. అగో, ఆటో ఆగినట్టున్నది సూడు. పో బిడ్డా, ఎదురుపో. నువ్వు ముద్ద ముట్టుత లేవని మీ అక్కకు సెప్పిన.