మూడొద్దుల ఆకు

వనపర్తికి అవతల ఒక ఊరు. మే నెల. ఉపాధి పనికాడ కూలబడి కురుమయ్య చనిపోయిన మూడో రోజు. పొద్దున ఏడన్నా కాలేదు, అప్పుడే రేకుల ఇల్లు ఉడికిపోతున్నది. పిట్టకు పెట్టే విస్తరాకు ముందు కురుమయ్య భార్య జోగులమ్మ కూర్చున్నది. ఎదురుగా ఆమె తమ్ముడు రాఘవేందర్, ఆ పనికాడ కూలీల హాజరు వేసే మేటు.

"అంటే పెట్టమంటవా, వద్దంటవా?"

"పెట్టక్కా. కల్లు సీస నేనే తెచ్చిన గద. ఆకు పక్కన పెట్టు. పొద్దెక్కుతుంది, చేనుకాడికి పోవాలె."

"నేనడిగింది గది కాదురా రాఘవేందర్. మీ బావ కల్లు తాగిండా, తాగలేదా? గది చెప్పు."

"మల్ల గదే మాటా? మొన్నటిసంది గదే మాట. సార్లొచ్చి సూసి, రాసుకపోయిన్రు గదనే."

"సార్లు రాసింది సార్లకు. పిట్టకు కాయితం చదువొస్తదా? పాణమున్నన్నాళ్ళు మనిషి దేనికి ఆశపడ్డడో ఆకుల గదే పెట్టాలె. తాగేటోడైతే సీస పెట్టాలె. తాగనోనికి సీస పెడితే తిట్టినట్టురా."

"పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. ఇప్పుడు గదంత ఎందుకక్కా?"

"నాకు ఒకటి కాదు. పదకొండేండ్ల కింద కురుమూర్తి జాతరల నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు, ఇగ ముట్టనని. బిడ్డ పెండ్లిల ముట్టలే. పీర్ల పండుగకు ఊరంత ఊగుతుంటే గూడ ముట్టలే. గసుంటోడు నడి ఎండల, పనికాడ తాగి పడ్డడంటే నేనేమనుకోవాలె? ఒట్టు తీసి గట్టు మీద పెట్టిండనా? పదకొండేండ్లు నాకు టోపీ పెట్టిండనా?"

"మొగోళ్ళు చెప్పి తాగుతరా అక్కా?"

"చెప్పకుంటే నాకు తెల్వదా? ఆయన పక్కల పండుకున్నది నేనా, నువ్వా?"

"నన్నెందుకు గదుముతవ్? డాక్టర్ సార్ ముక్కు మూసుకుండు. ఎస్సై సార్ గూడ వాసనొస్తుందన్నడు. నేనేమన్న ఉత్తగనే చెప్పిన్నా?"

"నాకూ వచ్చిందిరా వాసన. పీనుగు మీద పడి ఏడ్వబోతే గుప్పుమన్నది. ఏడుపు గొంతులనే ఆగింది. థూ, నీ నోట్ల మన్నుబడ, నన్ను గింత మోసం జేస్తివా అని మనసుల తిట్టుకున్న. మొగుడు సచ్చిన్నాడు మొగున్ని తిట్టుకున్నదాన్ని ఈ జిల్లాల నేనొక్కదాన్నే ఉంట."

"ఊకో అక్కా. పోయినోళ్ళను అనుకొని ఫాయిదా లేదు."

"ఆ రోజు పోనే పోనన్నడు. రాత్రంత గీ రేకుల కింద బొర్లిండు. తెల్లారినా గోడలు సల్లగ కాలే. తల దిమ్మగుంది, ఒళ్ళు ఆగమాగముంది అన్నడు. నువ్వొచ్చి వాకిట్ల నిలబడితివి."

"గుంపుల మనుషులు తక్కువున్నరని పిలిచిన. బలిమి జేసిన్నా? బావనే వస్తనన్నడు."

"నువ్వు పిలిస్తే ఆయన కాదంటడా? అమ్మ నాయిన పోయిన్నాడు నీకు ఆరేండ్లు. బడికి భుజాల మీద ఎక్కించుకొని పోయిండు. పది ఫెయిలైతే మల్ల ఫీజు కట్టిండు. నా బామ్మర్ది మేటయిండు అని ఊరంత చెప్పుకుండు, కొడుకు కలెక్టరయినట్టు."

"తెల్సక్కా. నాకు తెల్వదా?"

"తెలిస్తే చెప్పు మరి. తాగిండా?"

"…పెట్టక్కా సీస. మొండి చెయ్యకు."

"అక్కా! జోగులమ్మక్కా! ఉన్నరా?"

"ఎవరు, షాహెదానా? రాయె, లోపలికి రా."

"ఇగో, బెల్లం తెచ్చిన. పరమాన్నంల ఎయ్యి, అన్నకు ఇష్టముండె. పనికాడ సద్ది తినేటప్పుడు గూడ బెల్లం ముక్క అడుగుతుండె… ఏందక్కా గది? కల్లు సీస ఎవరికి?"

"మీ అన్నకే."

"తౌబా తౌబా! కురుమయ్యన్నకు కల్లేంది? ఎవలు చెప్పిన్రు?"

"షాహెదా, ట్యాంకర్ వచ్చింది వాడకు. నీ బిందెలు ఏవి? పో, నీళ్ళయిపోతయ్."

"నా బిడ్డ పడుతుంది భయ్యా. అక్కా, పొద్దుగాల ఆరున్నర సంది అన్న నా పక్కనే కందకం తవ్విండు. నా కండ్ల ముందట్నించి పోలే. కల్లు యాడిది?"

"నడుమల పొదలల్లకు పోయి తాగిండేమో, నీకేం తెల్సు?"

"జర ఆగు రాఘవేందర్. షాహెదా, నువ్వు చెప్పు. మొదలుసంది చెప్పు."

"ఏం చెప్పాలె అక్కా… పది దాటినంక అన్న గడ్డపార ఇడిసిండు. వాంతి చేసుకుండు. మేం తెచ్చుకున్న ప్లాస్టిక్ టిక్కీల నీళ్ళు కాగినట్టున్నయ్, తాగినా కడుపుల ఆగలే. ముట్టుకుంటే ఒళ్ళు పెనమే. చెమట సుక్క లేదు. నాకు గదే భయమైంది, గంత ఎండల మనిషికి చెమట రాకపోవుడేంది అని. మాట గూడ ఏడికేడికో పోతుండె. ఎద్దులను ఇప్పుండ్రి, నీడకు కట్టుండ్రి అంటుండె."

"ఎద్దులా? అమ్మి పన్నెండేండ్లాయె."

"గదే కదక్కా. అన్నను ఇంటికి పంపు భయ్యా అన్నం. రెండో హాజరు ఫొటో కాలే, ఆగుండ్రి అన్నడు."

"రూల్ అక్కా! నేను పెట్టిన రూలా? పొద్దున ఒక ఫొటో, మల్ల నాలుగు గంటలు గడిచినంక ఒకటి. రెండో దాంట్ల మనిషి లేకపోతే ఆ దినం పనే లేనట్టు. బావ కూలి పోతదనే గద నేను ఆపింది!"

"ఆరున్నర సంది నాలుగు గంటలంటే పదిన్నరకే అయిపోవాలె కద భయ్యా. నీ ఫోన్ల సిగ్నల్ లేకపాయె. ఒంటిగంట దాంక అందరం బండల మీద నిలబడితిమి. అన్నను ఇద్దరం చెరో రెక్క పట్టుకొని నిలబెట్టినం."

"టెంటుండె గద పనికాడ? నీడకన్న పండబెట్టలే?"

"టెంటు… పొద్దుగాల ఫొటోకు కట్టినరు అక్కా. ఫొటో కాంగనే మడతపెట్టినరు."

"గాలికి చినిగిపోతుందని తీసిన! చినిగితే నాతోనే కట్టిపిస్తరు. నీకేం తెల్సు మేటు కష్టం?"

"అర్వకు రాఘవేందర్. నువ్వు చెప్పు షాహెదా. ఫొటో అయినంక?"

"అన్న ఒరిగిండు. మోసుకపోతమన్నం. భయ్యానే వద్దన్నడు. మీరు పొండ్రి, బండి మీద నేను దవాఖానకు తీస్కపోత అన్నడు. సగం దూరమొచ్చి ఎనకకు తిరిగి సూస్తే బండి ఆడనే ఉంది. 108కు చెప్పిండేమో అనుకున్నం."

"108 ఎన్నిటికొచ్చింది?"

"మా ఇంటి ముందట్నించే పోయింది. మూడయింది అక్కా."

"ఇగ సాలు! పోతవా లేదా?"

"పోత భయ్యా, పోత. అక్కా, సార్లొచ్చిన్నాడు నేను చెప్దామనే వచ్చిన. పంచాయితీ పెడితే పని బందైతది, మీ అందరి కార్డులు పోతయని భయ్యా అన్నడు. నోరు మూసుకున్న. నాకు నలుగురు పిల్లలు. నా తప్పుంది, నేను లేదంటలే. గని అన్న తాగలేదక్కా. నా పిల్లల మీద కసమ్."

"నువ్వు పో షాహెదా. బెల్లం మంచిగ తెచ్చినవ్. పో, బిందెలు సూసుకో."

"పోతున్నక్కా. పైలం."

"అది అట్లనే ఒర్లుతది అక్కా. దాని మాటలు పట్టుకొని—"

"కూసో."

"చేనుకాడికి పొద్దు—"

"కూసోరా. ఒంటిగంట సంది మూడింటి దాంక నువ్వేం జేసినవ్?"

"సిగ్నల్ లేకుండె. గుట్ట ఎక్కిన."

"గుట్ట ఎక్కనీకె రెండు గంటలు పడ్తదా? పిల్లలు దాగుడుమూతలు ఆడే గుట్ట అది."

"ఎండ అక్కా… నాకు గూడ కండ్లు తిరిగినయ్. నేనూ మనిషినే గద."

"బండి ఉండె గద. బండి మీద ఎందుకు తీస్కపోలే?"

"ఒక్కన్ని ఎట్ల ఎత్తాలె?"

"ఒక్కనివి ఎందుకైనవ్? మోసేటోళ్ళను నువ్వే గద పంపినవ్."

"…నాకప్పుడు ఏం తోచలే."

"సరే. ఇంగోటి అడుగుత. కట్టె మీద పెట్టేముందు నోట్లె బియ్యం గింజలు ఏసింది నేను. నా మొఖం ఆయన మొఖం మీదనే ఉంది. పెదవులు పగిలి తెల్లగున్నయ్, నాలిక పిడచ కట్టింది. నోట్లె ఏం వాసన లేదురా."

"అప్పటికి శానసేపైంది గద—"

"అంగికి మాత్రం శానసేపు కాలేదా? అంగి ఇప్పినప్పుడు అంత జిగట. గల్ల కాడికెళ్ళి కడుపు దాంక కల్లు. మూడొద్దుల సంది నా తలకాయల గదే తిరుగుతుంది. కోపంల ఉంటి, కండ్లు కమ్మినయ్. రాత్రి బియ్యం ఏరుతుంటే తట్టింది. తాగినోడు నోట్లె పోసుకుంటడు గని అంగికి పోసుకుంటడా?"

"అక్కా…"

"నా కండ్లల్ల సూడు."

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత."

"కాళ్ళు తర్వాత మొక్కుదువు. ముందుగాల చెప్పు."

"మా గుంపుల హన్మంతు కల్లు సీస మర్సిపోయిండు చెట్టు కాడ. సగం సీస."

"ఊ."

"నేనే పోసిన. అంగి మీద."

"…ఎందుకురా?"

"వడదెబ్బ అంటే ముందు నన్నే పట్టుకుంటరు అక్కా. ఒంటిగంట దాంక ఎందుకు నిలబెట్టినవ్, టెంటేది, ఓఆర్‌ఎస్ పాకెట్లు ఏవి అంటరు. పాకెట్లు నా సంచిలనే ఉన్నయ్, పంచుడు యాదికి రాలే. కేసైతది. జైలుకు తోలుతరనుకున్న. అదే తాగి పడ్డడంటే… తాగి సచ్చినోని గురించి ఎవ్వరడగరు. ఒక్కడు గూడ అడగడు. నిజంగనే ఎవ్వరడగలే అక్కా. సార్లు ఐదు నిమిషాలల్ల రాసుకపోయిన్రు."

"నేనడుగుతున్న."

"అక్కా, బుద్ధి గడ్డి తిన్నది…"

"తిన్నింటి వాసాలు లెక్కపెడతరంటే ఏందో అనుకున్న. నువ్వు ఇల్లు పీకి పందిరేసినవ్ గదరా. పాడె మోసుకుంట మొగోళ్ళు నవ్విన్రు, తెల్సా నీకు? ముసలితనంల పెండ్లాం కండ్లు గప్పి తాగిండని నవ్విన్రు. నువ్వు ముందట అగ్గి పట్టుకొని నడిచినవ్. విన్నవ్. విని నోరు మెదపలే."

"విన్న."

"ఆయన ఒట్టు తప్పలే. పదకొండేండ్లు మాట మీద నిలబడ్డడు, ఆయన్ను నేను మూడొద్దులు తిట్టిన. సక్కగ ఏడ్వ గూడ ఏడ్వలే. నా ఏడుపు గూడ దొంగతనం జేసినవ్ గదరా! నాకు పైసలిస్తరని కాదు, ఏమిస్తరని కాదు. నా మొగుడు నన్ను మోసం జేసిండని నన్నే నమ్మించినవ్."

"కొట్టక్కా. చెప్పు తీసుకొని కొట్టు."

"కొట్టను. లే. ఆకు సంగతి తర్వాత. పా, తాసిల్ ఆఫీసుకు. నిన్ను నేనే పట్టుకొని పోత. సార్ల ముందట నిలబడి చెప్పాలె నువ్వు."

"ఇయ్యాల్నా?"

"ఇప్పుడే. పిట్ట ఆగుతది. ఆయన తాగలే, ఎండకు సచ్చిండని చెప్పు. పీనుగు మీద నేనే కల్లు పోసిన అని చెప్పు."

"వస్తనక్కా. అంత ఒప్పుకుంట. టెంటు సంగతి చెప్త, పాకెట్ల సంగతి చెప్త. గని…"

"ఇంగేంది గని?"

"గట్ల చెప్పలేను. పీనుగు మీద అని."

"ఎందుకు చెప్పలేవ్? సిగ్గయితుందా? పోసేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడేందిరా?"

"సిగ్గు కాదక్కా."

"మరేంది?"

"పీనుగు కాదు."

"ఏమంటున్నవ్ రా?"

"నేను గూడ సచ్చిపోయిండనే అనుకున్న. గల్ల మీద సీస వంచిన. సల్లగ తగిలింది గద… నీళ్ళనుకొని నోరు తెరిసిండక్కా."