వణకని ఇంజను

హలో, ఆసియా… ఆ, నేనేమ్మా. జయరాముడు మామను. రాయదుర్గం షెడ్డు నుంచే.

మీ నాయన ఎట్లుండాడు?… కండ్లు తెరిచినాడా?… డాక్టరేమన్నాడు?…

ఈ పొద్దు దాటదన్నాడా…

ఆ. ఇంజను స్టార్టయింది. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకోని, "ఈడ కూర్చోని ఏం చేస్తావు, పోయి బిగించు, నాకు వినిపించు" అనె కదా. బిగించినా.

ఎవరు, నర్సమ్మ అడుగుతాండాదా, ఏమింజనని?… దొరల కాలం కారమ్మా. పొడుగు ఇంజను. లోపల తిరిగే క్రాంకు సన్నగా ఉండె. వేగం పెరిగితే అది మెలిపడి కారంతా వణుకుతాండె. మీ నాయనే లావు ఉక్కు తెచ్చి, మెలిపడకుండా కొత్తది చేసినాడు, లేతు మిషను మీద. మంచం పట్టేదాకా అదే పని…

లే, ఇప్పుడు వణకడం లే. వాని టీ గ్లాసు నిండా నీళ్లు పోసి ఇంజను మీద పెట్టినా. చుక్క ఒలకలే.

ఫోను మీ నాయన చెవి కాడ పెట్టమ్మా… పెట్టినావా?

నూరూ… నేను రా… తిరుగుతాండాది… వినపడతాండాదా?—

ఏమ్మా?… తల అడ్డంగా ఊపినాడా… చప్పుడు లేకుండా చేసింది వాడే కదమ్మా. నేనేం వినిపించేది…

ఉండు, ఫోను తీయొద్దు. వాని పెద్ద స్క్రూడ్రైవరు ఈడే ఉండాది. మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకోని వింటాండె కదా. ఆ పిడి ఫోనుకు ఆనిస్తా.

నూరూ, వినురా… వేగం పెంచుతాండా… ముందర వణికే వేగం ఇదే… ఇంగా పెంచుతాండా… ఏం కాలే రా. ఏమీ కాలే…

ఏమన్నా అను. "నోట్లో బోల్టు బిగించుకున్నావా" అని తిడతాంటివి. ఈ పొద్దు నేనే మాట్లాడతాండా చూడు…

నూరూ…

ఆసియా?… పాపా, ఏమైంది?

…

ఎప్పుడు?… అది కాదమ్మా… పిడి ఆనించినాకనా, ముందరేనా?… చెయ్యి పట్టుకోని ఉంటివి కదా, వేలన్నా కదిలిందా?… తెలీలేదా… సరే. సరేలే తల్లీ. ఇంగ అడగను…

వస్తాండా. బస్సు ఉంటాది…

ఏ చప్పుడు?… టకటకానా?… ఇంజను కాదమ్మా. అది తిరుగుతానే ఉండాది, కదలడం లే… గ్లాసు. తీసేద్దామని పట్టుకున్నా. ఇంజనుకు తగులుతాండాది… నా చెయ్యేనమ్మా…

పెట్టేస్తాండా.