మూడో సీను పద్యం

పాత టౌన్‌హాలు. ఇప్పుడది లైబ్రరీ. బల్లలు గోడకు జరిపి కుర్చీలు వేశారు. నాటకానికి పది నిమిషాలుంది. పక్కతెర వెనుక రాజు వేషంలో సుదర్శన్, నాటకం పుస్తకంతో లైబ్రేరియన్ ఇస్రాయేలు.

"మూడో సీను పద్యం కాడ జర గట్టిగ అందియ్యి, ఇస్రాయేలు."

"ముప్పైఐదేండ్ల సంది ఆడుతున్రు. ఇంకా నోటికి రాలేదా సారూ?"

"ఎందుకొస్తది? ఎప్పుడూ తెర ఎనక ఎవడో ఒకడు చదువుతనే ఉండె."

"ఎవడో ఒకడు కాదు. మా నాయిన."

"యోసేపా? ఆ... ఈడ ఊడుస్తుండె. మంచోడు. పాపం, ఎప్పుడు పోయిండు?"

"మీరెన్నడన్న అడిగిన్రా?"

"పనులల్ల పడి..."

"ముప్పైఐదేండ్ల కింద ఒకనాడు రాజు వేషమాయన రాలే. పద్యాలన్నీ వచ్చినోడు మా నాయినొక్కడే. రంగేసిన్రు. కిరీటం పెట్టిన్రు."

"పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు?"

"ఆ రంగు కిరసనాయిలు గుడ్డతోని తుడిచిందెవరు సారూ? గంతమంది ముందల?"

"కమిటీవోళ్లు అన్నరు... మీవోడు రాజైతే ఊరోళ్లు ఊకుంటరా అని..."

"గుడ్డ ఎవరి చేతుల ఉండె?"

"కిరీటం సక్కగున్నదా, జర సూడు."

"అదే కిరీటం మీరు పెట్టుకున్రు. మా నాయిన ఆ మండుతున్న మొకంతోనే ఈడ నిలవడి మీకు పద్యాలందిచ్చిండు."

"గంట కొడుతున్రు. పుస్తకం తెరువు."

"తెరుస్త. నోరు మాత్రం తెరువ."

"అంటే?"

"ఇయ్యాల ఒక్క ముక్క అందియ్య."

"పిచ్చి లేసిందా! నాకియ్యాల సన్మానం. వనపర్తి నుంచి, అచ్చంపేట నుంచి జనం వచ్చిన్రు. అందరి చేతులల్ల ఫోన్లే. నా ఇజ్జత్ పోతది!"

"పోవాలె."

"దండం పెడ్త, ఇస్రాయేలు. మెల్లగనన్న చెప్పు. మొదటి పాదం కాడనే ఆగిపోత. అప్పుడేం చెయ్యాలె నేను?"

"ముందటి వరసల తలకు తెల్ల రుమాలు కట్టిన ముసలాయన కనవడ్తుండా?"

"ఆ... ఎవరాయన?"

"మా నాయినే. మీరు ఆగంగనే లేసి, ఆగిన కాడి నుంచి పద్యం అందుకుంటడు. ఆయన పాడుడు అయిపోయేదాంక కిరీటం తీసి చేతుల పట్టుకోని నిలవడున్రి."