గుండుసూదుల బాబాయి

ఇటివ్వు ఆ చొక్కా, గుండీ వేలాడుతోంది. నేను కుడతాలే, నువ్వా ఫోను చూసుకో. ఏంటది, యుద్ధమా? ఎవరికీ ఎవరికీ? సరేలే, చెప్పినా నాకు గుర్తుండదు. మా బాబాయి ఉండుంటేనా, నీ పక్కనే కూలబడి "ఏ ఊరు పట్టుకున్నారు, ఏ వంతెన కూల్చారు" అని నీ ప్రాణం తీసేవాడు. మా నాన్న తమ్ముడు, బజార్లో టైలరు. నువ్వెక్కడ చూశావులే, మీ అమ్మే చూడలేదు. పెళ్ళి కాకముందు ఆయన కొట్లోనే కాజాలు తీసేదాన్ని, గుండీలు కుట్టేదాన్ని. ఇరుకు కొట్టు, ఇస్త్రీపెట్టె వేడికి ఎప్పుడూ ఉక్కే. బల్ల వెనక గోడకి ప్రపంచపటం. అప్పుడూ ఇలాగే ఎక్కడో రెండు దేశాలు కొట్టుకు చస్తున్నాయి. రేడియోలో వార్తలు రాగానే బాబాయి చేతిలో పని వదిలేసి లేచి, ఎవరి సైన్యం ఎక్కడుందో పటం మీద గుచ్చేవాడు. ఎర్రదారం కట్టిన గుండుసూదులు ఒకళ్ళకి, నల్లదారం కట్టినవి ఇంకొకళ్ళకి. కొలతలకొచ్చినవాళ్ళు చేతులు చాపుకుని అలాగే నిలబడాల్సిందే. రిటైరైన లెక్కల మాస్టారొకాయన ఉండేవాడు, ఆయనది ఎర్రదారం. బాబాయిది నల్లదారం. "మీవాళ్ళు నది దాటలేరు మాస్టారూ." "దాటకపోతే నా పేరు మార్చుకుంటానయ్యా." ఇద్దరూ ఆ నది మొహం చూసిన పాపాన పోలేదు. ఆ గోలలో పడి ఓసారి మాస్టారి చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కుట్టేశాడు. ఆయన అది తొడుక్కునే వచ్చి, "దీనికి నిన్ను యుద్ధఖైదీ కింద పట్టుకుపోవాలి" అన్నాడు. ఎంత నవ్వామో.

నవ్వాం గానీ, మన దగ్గర మాత్రం ఏం బాగుందిరా అప్పుడు? ఎన్నికలు వాయిదా వేశారు. నలుగురు కలిస్తే పోలీసులు. పేపర్లో ఎక్కడ చూసినా వార్తలు కొట్టేసిన తెల్లటి ఖాళీలు. రాజకీయాలు మాట్లాడరాదని హోటల్లో బోర్డు పెడితే, బాబాయీ పెట్టాడు. పరాయివాళ్ళ యుద్ధానికి ఆ అడ్డు లేదు కదా, జనమంతా దాని మీద పడ్డారు. నోరు ఊరుకోదుగా. సరిగ్గా ఆ రోజుల్లోనే మా తమ్ముణ్ణి, అదే, బాబాయి కొడుకుని, కాలేజీ గేటు దగ్గర పట్టుకుపోయారు. ఎన్నికలెప్పుడని మైకులో అడిగాడట, అంతే. ఎక్కడ పెట్టారో చెప్పరు. స్టేషన్లో "పైవాళ్ళనడుగు", పైకెళ్తే "కిందవాళ్ళనడుగు". కొట్టుకొచ్చేవాళ్ళేమో, ఎక్కడ వాడి ఊసెత్తాల్సొస్తుందోనని, యుద్ధం గురించి ఇంకా గట్టిగా మాట్లాడేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. పాపం, వాళ్ళకీ భయమేలే. ఒకరోజు బాబాయి పటం ముందు నిలబడి తనలో తనే అన్నాడు, "ఆ సైన్యం ఏ గట్టునుందో చెప్పగలను. నా కొడుకు ఏ గదిలో ఉన్నాడో చెప్పలేను." మాస్టారు లేచెళ్ళి రేడియో కట్టేశాడు. అప్పుడడిగాడు, మొదటిసారి, "అబ్బాయి కబురేమన్నా తెలిసిందా?" అని.

ఆ రోజే బాబాయి వాడికి నీలం గుడ్డ కత్తిరించాడు. "మనిషి ఎదురుగా లేకుండా కొలతెలాగండీ?" అంది పిన్ని. "నా కొడుక్కి నాకు టేపు కావాలా?" అన్నాడు. గుండీలు నేనే కుట్టాను. వానలు వెళ్ళి ఎండలొచ్చేదాకా ఆ చొక్కా కొక్కేనికే ఉంది. అప్పుడు వదిలారు వాణ్ణి. ఇంటికి కాదు, తిన్నగా కొట్టుకొచ్చాడు. గడ్డం పెరిగి, చెంపలు లోపలికి పోయి, నేను పోల్చుకోలేకపోయాను. బాబాయి ఆ చొక్కా తెచ్చి తొడిగాడు. భుజాలు కిందకి జారిపోయాయి, ఒంట్లో ఏమీ లేదు. సరిచేద్దామని గుండుసూదుల డబ్బా తీస్తే ఖాళీ. అన్నీ గోడ మీదున్నాయి. వెళ్ళి ఒక్కొక్కటే పీక్కొచ్చాడు, ఎర్రవీ నల్లవీ. భుజం దగ్గరోటి, నడుం దగ్గరోటి గుచ్చాడు. మాస్టారు ఊరుకోలేక, "యుద్ధం ఇంకా అవ్వలేదయ్యా" అన్నాడు. "అక్కడా తండ్రులున్నారు మాస్టారూ, ఇక ఈ ఆట నావల్ల కాదు" అన్నాడు బాబాయి.

ఆ పటం తర్వాత ఎటుపోయిందో...

ఇదిగో, అయిపోయింది. తొడుక్కో. ఇటు తిరుగు. నువ్వూ చిక్కిపోయావురా.