ఊపిరుండీ తెగిన కూత

పెంచలయ్యని ఎరగనోళ్ళు ఈ చుట్టుపక్కల ఎవురుండారు గానీ, ఎరగనట్టే ఇనండి. మేళం పెంచలయ్య, సన్నాయి ఊదే ఆయన. ముహూర్తంకాడ సన్నాయి ఎత్తుకున్నాడంటే మూడుముళ్ళూ పడిందాకా దించడు. మజ్జెలో సన్నాయి ఆగితే ఆ పిల్లకి మంచిదిగాదని మనకి పట్టింపు గదా, అందుకని పంతులు మంత్రం మర్చిపొయ్యి తడుముకుంటా ఉన్నా సరే, ఈయన కళ్ళు చింతనిప్పులైపోతా ఉన్నా సరే, ఊదతానే ఉంటాడు. ఆయన నాయన గూడా అంతేనంట, పాపం ఆ పెద్దాయన ఉబ్బసంతో పొయ్యాడు. పొయ్యేముందు రెండేళ్ళు ఎట్టా ఉండేదంటే, సన్నాయి ఎత్తుకోంగానే తొలి ఊపిరి తెగిపొయ్యేదంట, దగ్గి దగ్గి కాసేపు కూచుంటే తర్వాత సర్దుకునేదంట. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీంతో పనుంది.

పెంచలయ్యకి ఒక్కడే కొడుకు, మాల్యాద్రి. వాడు సన్నాయి పట్టలా, చెడుగుడు పట్టాడు. కాలేజీలో దాన్నే కబడ్డీ అంటారులే, ఏదైతే ఏంది, కూతే గదా. పెంచలయ్య ఏమీ అనలా. అనకపోగా వాణ్ణి బావికి తీసకపొయ్యి నీళ్ళలో ముంచి, తను గట్టుమీద కూచోని సన్నాయి ఊదేవాడు. ఆ పాట అయ్యిందాకా వాడు తల పైకెత్తకూడదు, అదీ లెక్క. నేను కళ్ళారా చూశా. వాళ్ళమ్మ గట్టుమీద నిలబడి మొగుణ్ణి దుమ్మెత్తిపోస్తా ఉంటే ఈయన ఊదతానే ఉండాడు, వాడు మునిగే ఉండాడు. పైకి రాంగానే చెప్పేవాడంట, ఒరే, సన్నాయిలోనైతే ముక్కుతో దొంగూపిరి తీసుకోవచ్చు, చెడుగుడులో ఆ పప్పులుడకవు, గీత దాటి పొయ్యి మళ్ళా గీత దాటి వొచ్చిందాకా ఒకటే ఊపిరి, తెగితే అవుటు, నవ్వులపాలు అని. అట్టా తయారైనోడు. కూతకి పోతే ఏడుగురు మీద పడ్డా ఈడ్చుకోని గీత మీదకొచ్చేవాడు, ఇంకా ఊపిరి మిగిలే ఉండేది. ఆ ఆటతోనే టౌను కాలేజీలో సీటొచ్చింది. ఆటల సారు మస్తాన్ సారు మంచోడు, యూనివర్సిటీ టీములో గనక పడ్డావా, పోలీసుద్యోగం ఆటల కోటాలో వొచ్చేసినట్టేరా అన్నాడంట. ఇంక ఆ ఇంట్లో అదే మాట, పొద్దున లేస్తే అదే మాట.

ఏమైందంటే, ఆ కాలేజీ టీముకి కెప్టెను ఎవురు? మన రైసుమిల్లు శేషాద్రి కొడుకు కిరీటి. వాడి ఆట సంగతి నన్నడక్కండి, నాకు నోరు ఊరుకోదు. వాడు ఈణ్ణి పక్కకి పిలిచి చెప్పాడంట, ఇప్పుడు ఫోన్లో మన ఆటమీద గూడా పందేలు కాస్తా ఉండారబ్బా, ఎవురు గెలుస్తారని గాదు, తొలి కూతకి పొయినోడు తిరిగొస్తాడా అవుటవుతాడా అని. తొలి కూత నీదే గదా. అది ఒక్కటి పోగొట్టు, తర్వాత నీ ఇష్టం, చీల్చి చెండాడు, మ్యాచి మనమే గెలుద్దాం, ఇందులో ఎవురికి నష్టం అని. ఎవురికి నష్టమంట, ఇన్నారా. దొంగతనం చేసేవోడు గూడా నష్టం ఇంటాయనకని ఒప్పుకుంటాడు. ఈ మాల్యాద్రి గాడికి బుద్ధి ఉండొద్దా. వీడు అవుటవుతాడని వీడే, వీడి ఫోన్లోనే పందెం కాశాడు. తనమీద తనే, ఓడిపోతానని. ఒరే శీనయ్యా, ఆ ఫోను లోపల పెట్టు, నేను చెప్తా ఉండేది నీకే.

సరే, పట్టుబడదామంటే వీణ్ణి పట్టేవోడు లేడు గదా, వొదిలించుకోని వొచ్చేస్తాడు. చేతులు ముడుచుకోని నిలబడితే జనం కనిపెడతారు. అందుకని ఏంజేశాడంటే, అవతలి వాళ్ళ మజ్జెకి పొయ్యి కూత తెంచేశాడు. ఊపిరుండి. నాయన బావిలో ముంచి ముంచి ఇచ్చిన ఊపిరిని పుటుక్కున తెంచేశాడు, దారప్పోగు తెంపినట్టు. మొదటి మ్యాచిలో ఒకసారి, రెండోదాంట్లో ఒకసారి, మూడోదాంట్లో ఒకసారి. తర్వాత కూతల్లో మాత్రం పులే. మ్యాచిలు గెలిచారు, పందెం డబ్బుతో వాడి కాళ్ళకి కొత్త బూట్లొచ్చినయ్.

ఆ మూడు మ్యాచిలకీ పెంచలయ్య పొయ్యాడు, గ్రౌండులో గీత పక్కనే నిలబడ్డాడు. జనమంతా ఆట చూస్తా ఉంటే ఆయన ఒక్కడు ఊపిరి ఇంటా ఉండాడు, ఆయన బతుకంతా అదే గదా. మొదటిసారి కూత తెగితే ఏదోలే అనుకున్నాడు. రెండోసారి చెవి రిక్కించాడు. మూడోసారి అక్కడే మట్టిలో కూలబడ్డాడంట. ఏమనుకున్నాడు? నేను ఇందాక గుర్తు పెట్టుకోమన్నా గదా, అదే అనుకున్నాడు. తొలి ఊపిరి తెగతా ఉంది, తర్వాత సర్దుకుంటా ఉంది, మా నాయనకి అట్టనే మొదలైంది, తాత జబ్బు మనవడికొచ్చింది అని. వేరే ఏదైనా అనుకునే మనిషా ఆయన? కొడుకు ఊపిరుండి ఆపుతాడని ఆయనకి కల్లో గూడా రాదు. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకున్నాడు, వాడి ఊపిరి నిలబెట్టు సామీ, కావాలంటే నాది తీసుకో అని. అట్టాంటి మొక్కు ఎవురైనా మొక్కుతారా, అదీ ఊపిరితో బతికే సన్నాయోడు. ఇంటికొచ్చి అన్నం ముట్టలా. వాడేమో నాకేం లేదు నాయనా, నాకేం లేదు నాయనా అంటాడేగానీ అసలు సంగతి నోటెంట రానీడు. అప్పుడు చెప్పుంటే ఇంట్లో నాలుగు తన్నులతో పొయ్యేది.

మర్నాడు పొద్దున్నే టౌనుకి లాక్కెళ్ళి రొమ్ము డాక్టరుకి చూపించాడు. ఫోటో తీశారు, గొట్టంలో ఊదించారు. ఆ డాక్టరు నవ్వి, ఏమయ్యా, ఈ గొట్టంలో ఇంతసేపు ఊదినోణ్ణి నేను ఇంతవరకూ చూళ్ళేదు, నీ కొడుక్కి దున్నపోతు ఊపిరి, నిక్షేపంగా ఉండాడు పో, అని కాగితం రాసిచ్చాడు. పెంచలయ్య ఆ కాగితం కళ్ళకద్దుకోని, అంతమందిలో తువ్వాలు అడ్డం పెట్టుకోని ఏడ్చాడంట. ఏడ్చి ఇంటికొచ్చాడా? రాలా. తెల్లారితే యూనివర్సిటీ టీముకి ఎంపిక. మూడుసార్లు కూత తెగిందని మస్తాన్ సారు పిలగాణ్ణి ఎక్కడ పక్కన పెడతాడోనని, కొడుకు చెయ్యి పట్టుకోని నేరుగా కాలేజీకి పొయ్యాడు. వాడు ఇప్పుడొద్దు నాయనా అని చెయ్యి గుంజుకుంటా ఉండాడు, ఈయన ఆ కాగితం జెండాలాగా పట్టుకోని పోతానే ఉండాడు.

మస్తాన్ సారుకి చూపించాడు. చూడండి సారూ, డాక్టరే రాశాడు, వాడి ఊపిరికి ఏ రోగం లేదు, వాణ్ణి తియ్యమాకండి అన్నాడు. సారు చదివాడు. మళ్ళా చదివాడు. కాగితం బల్లమీద పెట్టి నిమ్మళంగా అడిగాడంట.

"ఊపిరి ఇంత బాగుంటే, మూడుసార్లూ తొలి కూతే ఎందుకు తెగింది పెంచలయ్యా?"

ఊపిరి సంగతి పెంచలయ్య కంటే ఎరిగినోడు లేడు గదా, సారు అడిగిందాకా ఆ మాట ఆయనకే తట్టలా. కొడుకు మొహంలోకి చూశాడు. వాడు బూట్ల వైపు చూస్తా ఉండాడు. కొత్త బూట్లు. అప్పుడు తెలిసింది ఆయనకి. వాడు అక్కడే కూలబడి అంతా చెప్పేశాడు, కిరీటి పేరుతో సహా. ఎంత పాపమో చూడండి, కొడుకుని కాపాడుకుందామని ఆ కాగితం తన చేత్తో తనే తీసకపొయ్యి ఇచ్చాడు.

ఇంక ఇచారణ. ఇచారణ అంటే ఏముంది, శేషాద్రి కారు గేట్లోకి రావడమే ఇచారణ. కిరీటికి ఏమీ తెలవదంట. పందెం వాడి ఫోన్లో లేదు గదా, మాల్యాద్రి ఫోన్లో ఉంది, అదీ సాక్ష్యం. మరి వీడికి ఆ ఇద్దె నేర్పిందెవురని అడిగే మగోడు ఆ గదిలో ఒక్కడు లేడు, మస్తాన్ సారు తప్ప, ఆయన్ని మాట్లాడనిస్తే గదా. మాల్యాద్రిని మూడేళ్ళు ఆడగూడదని రాసేశారు. యూనివర్సిటీ టీమూ లేదు, ఉద్యోగమూ లేదు. టీముని గూడా పోటీల్లోంచి ఎత్తేశారు. అదే టీములో మన కుమ్మరి గురవయ్య కొడుకు కాలిగోరు ఊడిపొయినా గుడ్డ కట్టుకోని ఆడాడు, వాడు ఏం పాపం చేశాడు? వాడికీ లేకుండా పొయ్యింది. ఎవురికి నష్టం అన్నాడే, ఇదీ నష్టం. కిరీటికి మాత్రం గట్టిగా చెప్పి వొదిలిపెట్టారంట. పై ఏడు మళ్ళా వాడే కెప్టెను. నాకు కడుపు రగిలిపోతది ఈ మాట చెప్పాలంటే.

అయిపోలా, ఉండండి. మాఘమాసంలో శేషాద్రి కూతురి పెళ్ళి. మేళం ఎవురిది? మన ఊళ్ళో ఏ పెళ్ళికైనా పెంచలయ్యదే గదా. పోవొద్దని అందరూ చెప్పారు, నేనూ చెప్పా. ఆయన ఇనలా, పొయ్యాడు. ఆటలేని మాల్యాద్రి ఆ పక్కన డోలు మెళ్ళో వేసుకోని కూచున్నాడు. ఊరంతా ఎందుకు పొయ్యారనుకున్నారు, భోజనాలకా? పెంచలయ్య ముళ్ళ మజ్జెలో ఆపుతాడని, ఆ శేషాద్రి మొహం చూద్దామని పొయ్యారు. నేనూ అందుకే పొయ్యా, దాచుకోడం ఎందుకు. తాళి ఎత్తారు. సన్నాయి ఎత్తుకుంది. ఒక ముడి పడింది. మాల్యాద్రి డోలు వాయిస్తానే నాయన చెవికాడకి వొంగి, ఆపెయ్ నాయనా, అన్నాడు. నాకు ఇనబడింది, వాడి ఎనకనే కూచున్నా. పెంచలయ్య వాడివైపు చూళ్ళేదు. ఇంకా పైకెత్తాడు. పెళ్ళికొడుకు చేతిలో రెండో ముడి జారిపొయ్యింది, మళ్ళా ఎయ్యాల్సొచ్చింది, అంతసేపూ ఆయన మెడనరాలు తాళ్ళలాగా లేచి, కళ్ళెంట నీళ్ళు కారతా ఉంటే ఊదతానే ఉండాడు. మూడో ముడి పడినాక దించాడు.

ఆ కిరీటి పట్టుపంచె ఎగ్గట్టుకోని వొచ్చి, ఏం ఊపిరి పెంచలయ్యా నీది, అని పళ్ళికిలిస్తా సన్నాయికి నోటు గుచ్చబొయ్యాడు. పెంచలయ్య సన్నాయి ఎనక్కి తీసుకున్నాడు. అందరికీ ఇనబడేట్టు అన్నాడు.

"ఊపిరుండి ఆపడం మా ఇంట్లో ఒకసారి జరిగింది బాబూ. అది చాలు."

అంతే. మాల్యాద్రి డోలుమీద తల ఆనించి ఏడ్చాడు, మూడు కూతలు తెంచినప్పుడు ఏడవనోడు. మరి శేషాద్రి తలొంచుకున్నాడా అంటారా? యాడ, పప్పులోకి ఇంకొంచెం నెయ్యి పొయ్యమని కేకేశాడు. ఆయన కొడుకు ఆ నోటు మడిచి జేబులో పెట్టుకున్నాడు, కాలేజీకి పొయ్యి మళ్ళా ఎవురి కూతమీద పందెం కాశాడో. ఏంది, నువ్వైతే ఏంజేసేదానివి అవ్వా అంటా ఉండావా? నేనైతే రెండో ముడికాడే ఆపేసుందును. అందుకే ఆ సామి ఆయన చేతికి సన్నాయిచ్చి, నాకు నోరిచ్చాడు.