ఆరు సీసాల వెనిగరు

రియాద్, మలాజ్‌లో జర్మన్ కంపెనీ వాళ్ళ కాంపౌండు. యుద్ధం ఆగిన రెండో నెల, గురువారం మధ్యాహ్నం. వంటింట్లో చిట్టెమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. కువైట్ సరిహద్దులోని ఖఫ్జీ నుంచి సారును తీసుకొచ్చిన డ్రైవరు రాజేశం ఇంకా చెప్పులు కూడా విడవలేదు.

"ఫ్రిజ్‌లోనా? వెనిగరు ఫ్రిజ్‌లో ఎందుకు పెడతారు రాజేశం?"

"నాకేమెరుక అక్కా. క్లౌస్ సారు చెప్పిండు, నీకు చెప్తున్న. ఆరు సీసాలు మంచుగడ్డ లెక్క కావాల్నట. నాలుకకు ఏం తెల్వనంత సల్లగ."

"వెనిగరు?"

"వెనిగరే. పైన అల్మారల ఉన్నయి గద, పచ్చ సీసాలు."

"ఉన్నాయి. ఉన్నాయిలే. ముందు కూర్చో, టీ పెడతా. ఖఫ్జీలో ఎలా ఉంది? ఆ నూనె బావుల పొగ ఇంకా పోలేదా?"

"యాడ పోతది. పట్టపగలు లైట్లు ఏసుకొని బండి నడిపిన. సీసాలు పెట్టు, టీ తర్వాత తాగుత."

"సీసాలెక్కడికి పోతాయి. సాయంత్రం భోజనానికి కంపెనీ పెద్ద సారు రావడం ఖాయమేనా?"

"ఖాయమే. ఎల్లుండి ఆయన జర్మనీ పోతుండు. ఈలోపే నీ సెలవు కాగితం మీద సంతకం పడాలె. భోజనమైనంక, మనిషి కుషీగ ఉన్నప్పుడు ముందట పెడ్తనని మన సారు మాటిచ్చిండు గద."

"ఇచ్చారులే. మా తమ్ముడి పెళ్ళి రెండుసార్లు ఆగింది రాజేశం. ఇరాక్ వాళ్ళు కువైట్‌ని పట్టుకున్నప్పుడోసారి, ఇక్కడ స్కడ్ మిసైళ్ళు పడ్డప్పుడోసారి. ఎత్తుకుని పెంచిన అక్క వస్తేనే తాళి కడతానని వాడు కూర్చున్నాడు. ఈసారీ తప్పితే వేరే సంబంధం చూసుకుంటామని ఆడపెళ్ళివారు కబురెట్టారు. ఆ పిల్లకి దొరుకుద్ది సంబంధం. మావాడికి దొరకదు. వాడి మొహం నాకు తెలుసుగా."

"గందుకే చెప్తున్న. పెద్ద సారు ఈ ఇంటికొచ్చేదే ఆ సీసాల కోసం."

"వెనిగరు కోసమా?"

"అక్కా, ఆ తలుపు దగ్గరికెయ్యి."

"వేశాను. చెప్పు."

"అది వెనిగరు గాదు. వైను."

"ఏంటి?"

"మెల్లగ. మన సారు వాళ్ళ నాయిన చేసిన వైను. ఈ దేశంల పట్టుబడితే జైలే గద, అందుకని వెనిగరు సీసాలల్ల పోసి, వెనిగరు చిట్టీలు అంటించి సామాన్లతో పంపిండు. పెద్ద సారు సోఫాలు, ఈ సీసాలు ఒక్క పెట్టెల్నే వచ్చినయి. ఎన్నున్నయో ఆయనకు తెలుసు. యుద్ధం ఆగినంక అందరం కలిసి తాగుదమనుకున్నరు. నాక్కూడ ఇయ్యాల బండిలనే చెప్పిండు."

"అంత గొప్పదా ఏంటి, అది?"

"బంగారు పతకం వచ్చిందంట."

"వైనుకా?"

"వైనుకే. వాళ్ళ ఊర్లె నది ఉంటది, నది ఒడ్డున కొండ. ఆ కొండ మీద ద్రాక్ష. ఎంత నిటారంటే, నడుముకు తాడు కట్టుకొని కాయలు కోస్తరంట. నేలంత నల్లటి పలకరాయి. పొద్దంత ఎండ తాగి రాత్రి తీగెలకు ఎచ్చగ పెడ్తదంట ఆ రాయి. వానకు రాళ్ళు కిందికి జారితే ముసలాయన గంపల ఏసుకొని మళ్ళ పైకి మోస్తడు. ఆ వయసుల."

"పాపం."

"ఊరంత తియ్యటి వైను చేసి అమ్ముకుంటుంటే ఈయనొక్కడే ఒక్క చుక్క తీపి లేకుంట చేసిండు. ఊరోళ్ళు నవ్విండ్రంట, నీ వైను తాగితే మొఖం ముడుసుకపోతదని. తర్వాత పెద్ద పోటీ పెట్టిండ్రు. తీర్పు చెప్పెటోళ్ళు వాసన సూస్తరు, నోట్లె పోసుకుంటరు, పుక్కిలించి ఉమ్ముతరు."

"ఉమ్మితే పతకం ఎలా ఇచ్చారు?"

"వాళ్ళ పద్ధతే గంత. ఈయనది ఉమ్మి, బంగారు పతకం ఇచ్చిండ్రు. ఏందక్కా, గట్ల సూస్తున్నవ్?"

"ఏం లేదు. ఆరూ కావాలా? ఒకటి సరిపోదా?"

"నలుగురు జర్మనోళ్ళు వస్తుండ్రు. ఒకటి వాళ్ళకు పంటి కిందికి రాదు."

"సారు ఇంకేమన్నారు?"

"ఈ ముచ్చట చెప్పి బంద్. అటెంక దారి పొడుగూత మాట లేదు. కిటికీలకెల్లి సూస్తనే ఉండు. నాయిన యాదికొచ్చినట్టుంది. ఆ, కూరల కారం దండిగ ఎయ్యమన్నడు. నోరు మండాల్నట."

"మన సారా? మిరియం తగిలితే బిందెడు నీళ్ళు తాగే మనిషి."

"యుద్ధం సూసినంక మనుషులు మారుతరు. సీసాలు తియ్యక్కా."

"తీస్తా."

"ఎన్నున్నయి?"

"సీసాలైతే ఆరూ ఉన్నాయి."

"సీసాలైతే అంటే?"

"కడిగి బోర్లించాను."

"అక్కా."

"నాకేం తెలుసు రాజేశం? చిట్టీ మీద వెనిగరు అని ఉంది. మీరిద్దరూ భద్రమని తాయిఫ్ వెళ్ళిపోయారు, అక్కణ్ణుంచి అటే ఖఫ్జీ పోయారు. మేడంగారు అంతకుముందే జర్మనీ విమానం ఎక్కేశారు. ఇంట్లో నేనొక్కదాన్ని. సైరన్ మోగితే పక్కింట్లో పనిచేసే మహబూబ్బీ, ఎదురింటి పనిపిల్లలు ఇద్దరూ పరిగెత్తుకుంటూ ఇక్కడికే వచ్చేవాళ్ళు, ఈ హాలుకి ఒక్కటే కిటికీ కదాని. కంపెనీవాళ్ళు విషవాయువు వస్తే తలుపు సందులో తడి తువ్వాలు పెట్టమన్నారు. ఉత్త నీళ్ళు చాలవు, వెనిగరయితే గ్యాసు విరుగుద్దని మహబూబ్బీ అంది."

"తువ్వాళ్ళు తడిపినవా? వాటితోటి?"

"తలుపు కిందికి రెండు. కిటికీకి ఒకటి. మనిషికొకటి ముక్కుకి."

"బంగారు పతకం తలుపు కింద పెట్టినవ్."

"ఓసారి నాలుక మీద వేసుకుని చూశాను కూడా. చప్పగా, నీళ్ళలా ఉంది. జర్మనీ వెనిగరు ఇంతే కాబోలనుకున్నా. ఘాటు లేదని ఇంకాస్త ఎక్కువ పోసేదాన్ని."

"అయ్యో."

"కానీ ఆ గుడ్డ ముక్కుకి పెట్టుకుంటే ఎక్కడలేని ధైర్యం వచ్చేది తమ్ముడూ. పైన మిసైళ్ళు పేల్తుంటే మహబూబ్బీ కింద కూర్చుని కడప పెళ్ళిపాటలు పాడింది. మేం నవ్వలేక చచ్చాం."

"ఎక్కింది."

"ఏం ఎక్కింది?"

"వాసనకే ఎక్కింది మీకు. నలుగురు ఆడోళ్ళు నిషాల ఉన్నరు యుద్ధమంత."

"ఆ మాట మహబూబ్బీ చెవిన పడనీకు. ఐదుపూటలా నమాజు చేసుకునే మనిషి. గుండె పగిలి పోద్ది."

"మహబూబ్బీ సంగతి తర్వాత. పెద్ద సారుకు ఏం పోస్తవ్? వైను లేదంటే మన సారుకు మొఖం చెల్లది. మన సారుకు మొఖం చెల్లకుంటే కాగితం ముందట పెట్టడు."

"తువ్వాళ్ళు పిండితే?"

"ఉతకలేదా?"

"ఉతికాను."

"మరి ఇంకేం పిండుతవ్."

"ఉండు. మహబూబ్బీ వాళ్ళ సారు స్టోరు గదిలో నీలం డ్రమ్ము ఉంది. ద్రాక్షరసం పోసి మూతపెట్టి దుప్పటి కప్పాడు. రాత్రిళ్ళు గుడగుడమని శబ్దం. పాపమని మహబూబ్బీ ఆ గది ఊడ్వడం కూడా మానేసింది, నేనే ఊడ్చిపెడతా."

"దొంగతనం చేస్తవా?"

"ఓ బిందెడు తగ్గితే పోలీసుకి చెప్పుకుంటాడా? నా డ్రమ్ములో వైను పోయిందయ్యా అని?"

"నన్ను ఇందులకు లాగకు."

"లాగను. ఆ బిందె పట్టుకుని గోడ ఇవతల నించో."

కాసేపటి తర్వాత అదే వంటిల్లు. గుమ్మానికి గొళ్ళెం పెట్టి ఉంది.

"ఇదేందక్కా, కుడితి లెక్క ఉంది?"

"వడకట్టాలి. నా పాత వాయిలు చీర పట్టుకో. రెండు మడతలు. ఆ, అలా. కదపకు."

"మంచిగనే తేరుతుంది. ఆగు, ఒక్క గుటక సూస్త. ఊ. తియ్యగుంది. మా ఊరి పొద్దటి కల్లు లెక్క."

"తీపి ఉండకూడదన్నావుగా."

"ఒక్క చుక్క ఉండొద్దు. వాళ్ళ నాయిన పంతమే అది."

"నిమ్మకాయలు పిండుతా. ఇప్పుడు?"

"మొఖం ముడుసుకపోతుంది. గిదే కరెక్టు. ఇంకా ఏం చెప్పిండంటే, పచ్చి ఆపిలు వాసన రావాలె."

"ఆపిలు తొక్కలు వేశాను. ఇంకా?"

"రాయి వాసన."

"రాయికి వాసనేంటి?"

"పలకరాయి అక్కా. మొదటి వాన పడ్డప్పుడు రాయి మీదికెల్లి ఒక వాసన వస్తది, గది వైనుల దొరుకుతదంట. దాన్ని పట్టుకోనీకే తీర్పు చెప్పెటోళ్ళు కండ్లు మూసుకుంటరంట."

"పూలకుండీలో గులకరాళ్ళున్నాయి. నల్లవి. తే."

"నిజంగనే ఏస్తవా?"

"కడిగి వేస్తా. ఉడకబెట్టి వేస్తా. నువ్వు తే."

"మన్ను వాసన రాదా?"

"వస్తే ఆ కొండ మన్ను అనుకుంటారు. ఆ గరాటు ఇటియ్యి. ఒక్కో సీసాలో ఒక్కో రాయి. ఫ్రిజ్‌లో పెట్టి, బల్ల మీదికి పోయేముందు తీసేద్దాం."

"తీసేటందుకు వస్తదా? మూతి సన్నగుంది."

"లోపలికి పోయిందిగా."

"లోపలికి పోవుడు ఏరు, బయటికొచ్చుడు ఏరు."

"అపశకునం మాటలాడకు. గ్లాసుల్లో నువ్వే పొయ్యి. సీసా వాళ్ళ చేతికియ్యకు."

సాయంత్రం. భోజనాలగది తలుపు ఓరగా తీసి ఉంది. ఇవతల ఇద్దరూ.

"ఏం చేస్తున్నాడు పెద్ద సారు? తాగాడా?"

"మూతికి పెట్టలే. గ్లాసు పట్టుకొని తిప్పుతుండు."

"తిప్పడం దేనికి? రాయి ఉందేమోననా?"

"వాళ్ళు గట్లనే తిప్పుతరంట. ముక్కుకు పెట్టిండు. కండ్లు మూసిండు."

"దొరికిందా రాయి వాసన?"

"నాకెట్ల తెలుస్తది. ఆ, తాగిండు."

"ఉమ్మాడా?"

"మింగిండు."

"పతకం ఇచ్చేవాళ్ళు ఉమ్ముతారన్నావుగా. మింగాడంటే నచ్చలేదా?"

"అక్కా, కొంచెంసేపు నోరు మూసుకో."

"మన సారు?"

"తాగుతలేడు. పెద్ద సారు మొఖమే సూస్తుండు. చెమటలు పడ్తున్నయి."

"కారానికేమో. కూర అలా చేశాను మరి."

"ఇంకా తిననే లేదు."

"పెద్ద సారు ఏమంటున్నాడు? వాళ్ళ జర్మను నీకర్థమవుద్దిగా."

"ఏమంటలేడు. మళ్ళ తాగిండు. మిగిలినోళ్ళు గూడ తాగుతున్నరు. ఒకల మొఖం ఒకలు సూసుకుంటున్నరు."

"అయిపోయింది. మా వాడికి ఈ జన్మకి పెళ్ళి లేదు."

"ఆగు ఆగు. పెద్ద సారు లేచి నిలబడ్డడు."

"వెళ్ళిపోతున్నాడా?"

"గ్లాసు ఎత్తిండు. మన సారు వాళ్ళ నాయిన పేరు చెప్పిండు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి ఆయనకు."

"నిమ్మకాయ ఎక్కువైందంటావా?"

"కాదు. ఆ ముసలాయనకు ఇంకో పతకం ఇయ్యాలంటుండు. తన భార్యకు ఈ వైను ముచ్చట చెప్తడంట. ఆ కొండ నాలుక మీదికి వచ్చిందంట."

"కొండా?"

"కొండే. రాళ్ళు పనిచేసినయక్కా."

"దేవుడా. మన సారు సంతోషించారా?"

"ఇప్పుడు తాగిండు. గ్లాసుల్లకు సూస్తుండు. మళ్ళ తాగిండు. సీసా చేతిలకు తీసుకుండు."

"సీసా వాళ్ళ చేతికియ్యకన్నానా."

"నేనియ్యలే, బల్ల మీదిది ఆయనే అందుకుండు. దీపానికి అడ్డం పెట్టి సూస్తుండు. ఊపుతుండు."

"రాయి మోగుద్ది."

"మోగింది."

"ఇంక నేను సంచీ సర్దుకుంటా."

"సర్దుకోకు. సీసా కింద పెట్టిండు. జేబులకెల్లి కాగితం తీస్తుండు."

"నాదేనా?"

"నీదే. పెద్ద సారు ముందట పెట్టిండు. పెద్ద సారు నవ్వుతుండు. తమ్ముని పెండ్లా, పోనీ, పోనీ అంటుండు."

"సంతకం?"

"పెన్ను దొరుకుతలేదు."

"నా కొంగులో ఉంది. ఇదిగో. పరిగెత్తు."

"అవసరం లేదు. దొరికింది. పెట్టిండు."

"పెట్టాడా? నిజంగా పెట్టాడా?"

"పెట్టిండక్కా. తేదీ గూడ ఏసిండు. ఏడుస్తున్నవా?"

"ఉల్లిపాయలు."

"ఉల్లిపాయలు పగటికే అయిపోయినయి. కండ్లు తుడుసుకో, సారు ఇటే వస్తుండు. ఒక చేతిల కాగితం, ఒక చేతిల సీసా."

"ఒప్పేసుకుంటా రాజేశం. అబద్ధం నా కడుపులో ఇముడదు. సంతకం పడ్డాక చింపడుగా?"

"ఏం ఒప్పుకోకు. ముందు ఆయనేమంటడో విను. తలుపు దగ్గరికేసిండు. నా పక్కన నిలబడు."

"ఏమంటున్నారు? అంత వేగంగా మాట్లాడితే మీ జర్మను, ఇంగ్లీషు నాకర్థం కాదు, చెప్పు. తిడుతున్నారా?"

"తిడ్తలేడు. గుసగుసగ మాట్లాడుతుండు. కాగితం నీకియ్యమన్నడు, ఇగో. పెద్ద సారుకు మాత్రం ఎన్నడు చెప్పొద్దంటుండు."

"నేను చేసింది?"

"కాదు. ఆయన చేసింది."

"ఆయనేం చేశారు?"

"ఆగు, సక్కగ విననియ్యి. మేడం పోయినంక, మొదటి స్కడ్డు పడ్డ రాత్రి భయానికి ఒక సీసా తాగిండంట. రెండో రాత్రి ఇంకోటి. తాయిఫ్ పోకముందే ఆరు సీసాలు తనొక్కడే తాగిండంట. పెద్ద సారుకు లెక్క తెలుసు గద, అందుకని మళ్ళ నింపి మూతలు పెట్టి అల్మారల పెట్టిండంట. ఇయ్యాల పరువు పోతదని పొద్దటి నుంచి సచ్చిపోతుండు."

"నింపారా? దేంతో నింపారు?"

"గదే అడుగుతుండక్కా. తను పోసింది నల్లా నీళ్ళు, రెండు చెంచాల వెనిగరంట. అది వైను ఎట్లయిందో నిన్ను చెప్పమంటుండు."